ఆరో పేరు కింద మాట

పోయిన వారం మనం నిషాత్‌ను మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆ అమ్మాయి అక్కడే ఉంది! చేతిలో ఫోను, ఫోనులో ఒక కామెంటు: "మీరు చెప్పినారనే పెట్టినాం. రేపు పొద్దునకల్లా మీ ఇంటి ముందర ఉంటా." కింద పేరు చెంచులక్ష్మి, వాకాడు దగ్గర జాలరుల పాళెం. కథ మధ్యలో అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

నిషాత్‌కి ముప్పై ఒకటి. నెల్లూరు చిన్నబజారులో తల్లి సర్దార్‌బీతో కలిసి పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. చెయ్యి జరీ కుడుతున్నంతసేపూ బుర్ర డబ్బు గురించి ఆలోచిస్తుంది. ఆ ఆలోచనలన్నీ నోటుబుక్కులో రాసుకుంటే, తమ్ముడు అక్రమ్ టైపు చేసి "కొంగుముడి" అనే బ్లాగులో పెడతాడు. వారానికోసారి ఫోను ముందు కూర్చుని మాట్లాడుతుంది కూడా. మొదట్లో నలభై మంది చదివేవాళ్ళు, ఇప్పుడు పదకొండు వేలమంది.

పోయినేడు రంజాన్ నెలలో ఆమె ఒక లిస్టు పెట్టింది. "డబ్బు సంగతి ఎవరి మాట వినొచ్చు?" అని దానికి పేరు. ఫోను తెరిస్తే చాలు, ప్రతివాడూ మనల్ని లక్షాధికారిని చేసేదాకా నిద్రపోనంటాడు కదా! ఆ గోలలోంచి ఏడుగురు బ్లాగర్లను ఏరి ఇచ్చింది. ఒక్కొక్కరి రాతలూ మూడేసి నెలలు చదివింది. ఆమె పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. తాము తప్పు చెప్పినప్పుడు ఆ తప్పును తమ పేజీలోనే, అందరికీ కనబడేట్టు ఒప్పుకున్నారా లేదా? ఒప్పుకున్నవాళ్ళకే చోటు. కావలిలో బ్యాంకు నుంచి రిటైరై, ఇన్సూరెన్సు పాలసీల్లో మెలికలు విప్పి చెప్పే పెద్దావిడ ఒకరు. బంగారం స్కీముల గుట్టు మొహమాటం లేకుండా రాసే బడిపంతులు ఇంకొకరు. అలా కిందికి వస్తే ఆరో పేరు విజయభాస్కర్‌ది. "మన ఒడ్డు - మన డబ్బు" అతని బ్లాగు. సముద్రంలో వేట ఆగిపోయే రెండు నెలలకూ ఇంట్లో డబ్బు ఎలా అట్టిపెట్టుకోవాలో రాసినవాడు అతనొక్కడే.

ఆ విజయభాస్కర్ ఆ తర్వాత బ్లాగు పక్కన పెట్టి, పెద్ద బోటులో వాటాలు అమ్మడం మొదలుపెట్టాడు. అదీ సంగతి. ఇక తలుపు తీద్దాం.

ఏడున్నరకు వచ్చింది చెంచులక్ష్మి. వీధి వీధంతా చేరేట్టు తిట్టిపోస్తుందని నిషాత్ అనుకుంది. తిట్టించుకోవడానికి సిద్ధపడే ఉంది కూడా. ఆవిడ మాత్రం చెప్పులు మెట్ల కిందే విడిచి, వైరు సంచి చంకలో పెట్టుకుని, చిన్న గొంతుతో అడిగింది.

"నిషాత్ మేడం ఇల్లు ఇదేనా?"

"నేనే అక్కా. లోపలికి రాండి."

చెంచులక్ష్మి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. నలభై అయిదేళ్ళుంటాయి, ఎండకు కమిలిన మొహం. "ఫోన్లో కొంచెం లావుగా కనపడతావు," అంది. అది ఎగతాళో, మామూలు మాటో నిషాత్‌కి అర్థం కాలేదు.

సర్దార్‌బీ మగ్గం ముందునుంచి లేచి నీళ్ళు తెచ్చింది. "టిఫిను తిన్నావామ్మా?"

"తినేదానికి రాలేదమ్మా."

"తినకపోతే మాట్టాడేదానికి ఓపిక యాడుంటాది? ముందు కూర్చో."

ఆ ఇంట్లో సర్దార్‌బీ కూర్చోమంటే కూర్చోవాల్సిందే. చెంచులక్ష్మి చాప మీద కూర్చుంది, ఇడ్లీ మాత్రం ముట్టుకోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. రెండువైపులా ప్లాస్టిక్ వేయించిన పెద్ద కాగితం, పైన మేకుకు తగిలించడానికి చిల్లు. దాన్ని నిషాత్ ముందు పెట్టింది. "డబ్బు సంగతి ఎవరి మాట వినొచ్చు?" అని పెద్దక్షరాలు.

"మా కోడలు భానుప్రియ వాకాడులో ప్రింటు తీయించింది. మా సంఘం కొట్టంలో గోడకి తగిలించుకోనుండాము. నాకు చదువు రాదు. అది చదువుతా ఉంటే పదకొండు మంది ఆడోళ్ళం ఇంటాము. నువ్వు చెప్పినావని ఆ బ్యాంకు పెద్దమ్మ మాట ఇని నేను పాలసీ రద్దు చేసుకున్నా. మంచే జరిగింది. పంతులు మాట ఇని ఓబయ్య పెళ్ళాం బంగారం చీటీ మానుకునింది. అదీ మంచే జరిగింది. ఇంక ఈయన మాట ఎందుకు ఇనకూడదు, నువ్వే చెప్పు."

ఆరో పేరు మీద ఆవిడ వేలు ఆగింది. అక్షరం రాకపోయినా ఆ పేరు ఎక్కడుందో ఆ వేలికి బాగా తెలుసు.

నిషాత్ ఆ వేలి కిందున్న తన అక్షరాల వైపు చూసింది. తన రాతను ఎవరో గోడకు తగిలించుకున్నారంటే మొన్నటిదాకా అయితే ఎగిరి గంతేసేది. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎంత పెట్టినారక్కా?"

"మా ఇంజను డబ్బులు. లక్షా ఎనభై వేలు. మా ఫైబర్ బోటు ఇంజను పూర్తిగా పోయింది, ఇంక రిపేరుకి రాదు. కొత్తది కొనాలని మూడేండ్లు కూడబెట్టినాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు వాటా ఎనక్కి తీసుకోవచ్చు అన్నాడు గదా, ఇంట్లో ఉండేకన్నా ఆడుంటే మేలని పెట్టినా. ఇప్పుడు అడిగితే రేపంటాడు, ఎల్లుండంటాడు. ఇంకా తొమ్మిది దినాల్లో వేట మొదలవతాది. అందరి బోట్లూ పోతాయి. మాది ఇసకలో ఉంటాది. మా ఆయన ఒకరి బోటు మీద కూలికి పోవాల."

"డబ్బు తీసుకున్నట్టు కాగితం ఏమైనా ఇచ్చినాడా?"

చెంచులక్ష్మి ఆమె వైపు వింతగా చూసింది. "వాటాకి కాగితం ఏంది?"

"అంటే..."

"నీకు తెలవదులే, మీది టౌను. బోటు ఒడ్డుకొస్తే ఇసక మీద అందరి ముందరా పంచుకుంటాం. బోటుకింత, వలకింత, మనిషికింత. మా అత్త కాలం నుంచీ అంతే. కాగితం అడిగితే బోటాయన మొహాన ఉమ్మినట్టే. ఈయన ఒడ్డున పుట్టినోడు, అదంతా బాగా తెలుసు. మొదట తలా అయిదు వేలే పెట్టించుకున్నాడు. నెలకి మా పాళెం వచ్చి, ఇసక మీద గుడ్డ పరిచి, మొదటి ట్రిప్పు వాటా ఇదీ అని అందరి ముందరా పంచినాడు. పైసా తేడా రాలేదు. ఆ పంచిన తీరు చూసి మా ముసిలోళ్ళు కూడా తలూపినారు. ఆ తర్వాతే గదా, ఉండేదంతా తెచ్చి ఆయన చేతిలో పోసింది!"

ఎంత తెలివి చూడండి! ఇంకో ఊరివాడైతే రంగురంగుల కాగితాలు చూపించి మోసం చేస్తాడు. ఇతగాడు కాగితమే లేకుండా, వాళ్ళ మర్యాదనే అడ్డం పెట్టుకుని చేశాడు. వింటున్న నిషాత్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఒక మాట గుర్తొచ్చి, మునిగేవాళ్ళకు చెయ్యి దొరికినట్టయింది.

"అక్కా, నేను రాసినాను! అతని పేరు కింద రాసినాను. ఇతను చెప్పేది వినండి, ఏదైనా అమ్మితే మాత్రం కాగితం చూడనిదే రూపాయి ఇవ్వొద్దని. నాకు బాగా గుర్తు."

"యాడ రాసినావు? చూపించు."

నిషాత్ కాగితం అందుకుంది. అయిదో పేరు, పంతులుగారిది, కింద ఆరు వరసలు. ఆరో పేరు, కింద నాలుగు వరసలు. చదివింది. మళ్ళీ చదివింది. అన్నీ తన మాటలే, తను పొగిడిన మాటలే. ఆ ఒక్క వాక్యం మాత్రం లేదు.

ఫోను తీసి బ్లాగు తెరిచింది. అక్కడా లేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. "చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి" అని వారం వారం ఊరందరికీ చెప్పే ఈ పిల్ల, తన పేరుతో వచ్చిన పేజీని ఏడాదిగా ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు. రాసింది తనే కదా, ఇంక చదివేదేముందనుకుంది. అంత పెద్ద పొరపాటు అంత తేలిగ్గా జరిగిపోయింది.

లేచి బీరువా పైనుంచి పాత నోటుబుక్కు దించింది. గబగబా పేజీలు తిప్పింది. ఉంది! ఆరో పేరు కింద, ఆకుపచ్చ ఇంకుతో, కింద గీత కూడా గీసి ఉంది. "ఇతను అమ్మేది ఏదైనా ఉంటే కాగితం చూడనిదే రూపాయి ఇవ్వకండి. అడగడానికి మొహమాటపడితే నా పేరు చెప్పి అడగండి."

పైకి చదివింది. చదివేసరికి గది మూల లాప్‌టాప్ ముందున్న అక్రమ్ లేచి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఇంతసేపూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏమీ విననట్టే ఉన్నాడు.

"ఆపా, నాకు బయట పనుంది. ఎవరిదో ఆఫీసు వెబ్‌సైటు..."

"ఎవరిది?"

"వచ్చి చెప్తా." చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. కింద బండి స్టార్టయిన చప్పుడు, ఆ తర్వాత వీధి మలుపులో హారన్. సగం తాగిన టీ గ్లాసు లాప్‌టాప్ పక్కనే ఉండిపోయింది. సర్దార్‌బీ ఆ గ్లాసు వైపు చూసి, కూతురి వైపు చూసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది.

టైపు చేసేటప్పుడు ఎగిరిపోయి ఉంటుంది. అంతే. అంతకన్నా ఏముంటుంది? నిషాత్ తనకు తనే చెప్పుకుంది.

చెంచులక్ష్మి నోటుబుక్కు తీసుకుని ఆ ఆకుపచ్చ గీతను వేలితో తడిమి చూసింది. కోపంగా వచ్చిన మనిషి మొహంలో ఇప్పుడు కోపం లేదు. అది చూడటం ఇంకా కష్టంగా ఉంది.

"ఇంకోతూరి చదువు, ఆ చివరి మాట."

"మొహమాటపడితే నా పేరు చెప్పి అడగండి."

"ఈ మాట ఒక్కటి ఉండుంటే మేము అడిగుండేవాళ్ళం నిషాతూ. 'మాకేం అనుమానం లేదయ్యా, ఆ మేడం అడగమనింది' అని నీ మీద పెట్టి అడిగుండేవాళ్ళం. ఆయనకీ తప్పుగా ఉండేది కాదు, మాకూ మర్యాదగా ఉండేది." కళ్ళు తుడుచుకుంది. "మేడం" కాస్తా "నిషాతూ" అయిందని ఇద్దరూ గమనించలేదు.

సర్దార్‌బీ మగ్గం మీదనుంచి తలెత్తకుండానే అంది. "కూర్చోని ఏడిస్తే ఏమొస్తాది? ఆయన ఆఫీసు ట్రంకు రోడ్డులోనే గదా. పోండి ఇద్దురూ."

ఆటోలో నిషాత్ మూడుసార్లు అక్రమ్‌కి ఫోన్ చేసింది. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. ఆ ఫోను కూడా వాడు ఇచ్చిందే. పోయినేడు రంజాన్ పండక్కి, ఎర్ర రిబ్బను కట్టిన పెట్టెలో, స్టాండుతో, మైకుతో సహా తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "నా మొదటి పెద్ద పని డబ్బులు ఆపా. ఇంక నీ మాట ఊరంతా వినపడాల," అన్నాడు. ఆరోజు అక్కాతమ్ముళ్ళిద్దరికీ కళ్ళు నిండాయి. ఆమె వీడియోలన్నీ అప్పటినుంచీ దానిలో తీసినవే.

"ఇంజను ఏ ధరకైనా సరే, కొనేదానికి ఇంక తొమ్మిది దినాలే," అని చెంచులక్ష్మి తనలో తను లెక్క వేసుకుంటూ కూర్చుంది.

మూడో అంతస్తులో ఏసీ గది. విజయభాస్కర్ పారిపోలేదు, దాక్కోలేదు. తెల్ల చొక్కా, నవ్వు మొహం, బల్ల మీద చిన్న బోటు బొమ్మ. ఎదురొచ్చి మరీ కుర్చీలు జరిపాడు.

"రండమ్మా నిషాత్! మిమ్మల్ని నేరుగా చూడ్డం ఇదే మొదలు. ఏమ్మా చెంచులక్ష్మీ, ఫోన్ చేసుంటే నేనే పాళెం వచ్చుండేవాణ్ణి గదా. మజ్జిగ తాగుతారా?"

"ఆమె డబ్బు ఆమెకివ్వండి," అంది నిషాత్. మర్యాదలకు ఆమె దగ్గర టైము లేదు.

"ఇస్తాను. ఎవరు కాదన్నారు? బోటు రిపేరు యార్డులో ఉంది. మళ్ళీ నీళ్ళలోకి దిగాక..."

"ఏ యార్డు? బోటు నంబరెంత?"

"చెప్తాను, చెప్తాను." అతను చెంచులక్ష్మి వైపు తిరిగాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "అక్కా, నీకు తెలవంది ఏముంది? వాటా అంటే ఏంది? వచ్చినా పంచుకోవడమే, పోయినా పంచుకోవడమే. బోటు మునిగితే వాటాదారు ఎవర్ని అడుగుతాడు, సముద్రాన్నా?"

"మునిగేదానికి ముందు బోటంటూ ఉండాల గదా నాయనా," అంది చెంచులక్ష్మి.

నవ్వు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ వచ్చింది, కాని ఈసారి కళ్ళ దాకా రాలేదు.

నిషాత్ నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. "ఇది నేను రాసింది. ఇందులో ఒక వాక్యం నా పేజీలో లేదు. ఆ వాక్యం ఉండుంటే వీళ్ళు మీకు డబ్బు ఇచ్చుండేవాళ్ళు కాదు. ఈరోజే నేను ఈ సంగతి నా పేజీలో పెడతాను. మీ పేరుతో పెడతాను."

విజయభాస్కర్ ఆకుపచ్చ గీతను చూశాడు. ఆశ్చర్యపోలేదు. అది నిషాత్ గమనించింది.

"మంచి వాక్యం," అన్నాడు. "చాలా మంచి వాక్యం. అందుకే ముప్పై వేలు పెట్టి తీయించినాను."

నిషాత్ కుర్చీలో ముందుకు వంగింది.

"ఏమన్నారు?"

"మీరు లిస్టు రాస్తా ఉండారని తెలిసి మీ తమ్ముణ్ణి కలిసినా. మొదటి స్థానం అడగలేదమ్మా, ఆ మాత్రం సిగ్గు నాకూ ఉంది. ఒక్క లైను తీసెయ్ బాబూ అన్నాను. తీసేసినాడు." సొంత ఫోను తిప్పి ఆమె ముందు పెట్టాడు. షేక్ అక్రమ్, ముప్పై వేలు, పోయినేడు రంజాన్ నెల తేదీ. దాని కింద ఒక ఫొటో. "పాపం మంచి పిల్లోడు. థాంక్స్ సార్ అని, ఆ డబ్బుతో ఏం కొన్నాడో కూడా ఫొటో పంపించినాడు."

ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె.

నిషాత్ చేతిలో ఉన్న ఫోను ఒక్కసారిగా బరువెక్కింది. విసిరి కొట్టాలనిపించింది. ఏడాదిగా "నమ్మకం", "నిజాయితీ" అని తను చెప్పిన ప్రతి మాటా ఈ ఫోనులోంచే వెళ్ళింది. ఒరే అక్రమ్! ఎంత పని చేశావురా! కొట్టాలో, వాణ్ణి పట్టుకుని ఏడవాలో తెలియలేదు. పోయినేడు పండక్కి వాడు ఒళ్ళో పెట్టిన ఆ పెట్టె, ఆ కళ్ళనీళ్ళు, అన్నీ అబద్ధమేనా?

"నాకు తెలియదు," అంది.

"నేను నమ్ముతానమ్మా. జనం నమ్ముతారా? మీ బ్లాగు, మీ తమ్ముడు, మీ ఫోను. మీరు నా గురించి పెట్టిన అయిదు నిమిషాలకి నేను ఇది పెడతాను. నా పరువు పోతే పోనీ, నాకు అలవాటే. మీకు ఉండేది ఆ పేరొక్కటే గదా? పోలీసు కేసంటూ అయితే అబ్బాయి పేరు కూడా పైనే ఉంటుంది."

డ్రాయరు లాగాడు. రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు తీసి చెంచులక్ష్మి ముందు పెట్టాడు, ఒకదాని మీద ఒకటి.

"అక్కా, ఇది నీది. లక్షా ఎనభై. సాయంత్రానికి ఇంజను కొనుక్కో. మిగిలిన పదిమందికీ నెమ్మదిగా చూద్దాం. వాళ్ళకి మాత్రం చెప్పొద్దు. నిషాతమ్మ ఏమీ పెట్టదు, నేనూ ఏమీ పెట్టను. అందరికీ మర్యాద."

చెంచులక్ష్మి కదలలేదు. కట్టల మీద నుంచి చూపు తిప్పలేదు. మూడేళ్ళ కూడబెట్టు అది. చెయ్యి చాస్తే అందుతుంది.

వద్దందామనుకుంది నిషాత్. వద్దని చెప్పడానికి తనెవరు? ఈ మనిషిని ఇక్కడిదాకా తెచ్చింది తన లిస్టే. తీసుకుంటే తమ్ముడు కేసు తప్పించుకుంటాడు, తన పేరు మిగులుతుంది. నిజం చెప్పాలంటే, తీసుకుంటే బాగుణ్ణని ఒక్క క్షణం అనిపించింది కూడా. అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

చెంచులక్ష్మి చెయ్యి చాచింది. పై కట్టను పట్టుకుంది. బొటనవేలితో అంచు నిమిరింది. విజయభాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"సామీ, నువ్వు ఒడ్డున పుట్టినోడివి గదా, ఒక మాట చెప్పు," అంది ఆవిడ. "కొత్త ఇంజను ఎక్కించుకోని తొమ్మిది దినాలకి బోటు దగ్గరికి పోతాం. దాన్ని నీళ్ళలోకి తొయ్యాల్నంటే పది చేతులు పడాల. ఆ పదిమంది ఇండ్లల్లో మొగోళ్ళే గదా వచ్చి తోసేది. నేను ఏ మొహం పెట్టుకోని వాళ్ళని చూడాల?"

కట్టను ఉన్నచోటే పెట్టేసింది. పెట్టాక ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా మూసుకుంది. మళ్ళీ చాస్తుందేమోనని తన చెయ్యి మీదే తనకు నమ్మకం లేనట్టు.

"పదకొండు మందివీ ఒక్కసారే ఇయ్యి. ఇసక మీద. అందరి ముందరా."

ఆవిడ మూడేళ్ళ కష్టాన్ని బల్ల మీద వదిలేసింది. నిషాత్ దగ్గర వదులుకోవడానికి ఉన్నది ఒక్క పేరు. ఆ పేరు కూడా ఎర్ర రిబ్బను పెట్టెలో వచ్చిందే. ఏడుగురినీ ఏరినప్పుడు తను పెట్టిన పరీక్ష గుర్తొచ్చింది. తప్పు చేస్తే తమ పేజీలోనే, అందరికీ కనబడేట్టు ఒప్పుకున్నారా లేదా? ఇప్పుడు ఆ పరీక్షకు తనే కూర్చోవాలి.

ఫోను తీసింది. బల్ల మీదున్న బోటు బొమ్మకు ఆనించి నిలబెట్టింది. లైవ్ బటను నొక్కింది.

"ఏం చేస్తా ఉండారు?" విజయభాస్కర్ లేచాడు.

"అందరికీ నమస్కారం. నేను నిషాత్, కొంగుముడి." అని మొదలుపెట్టింది. "పోయినేడు నేను ఏడుగురి పేర్లు చెప్పి వీళ్ళ మాట వినొచ్చన్నాను. ఆ లిస్టు నమ్మి మోసపోయినోళ్ళు నా పక్కనే ఉండారు. ఆ లిస్టులో ఒక వాక్యం డబ్బుకు అమ్ముడుపోయింది. అమ్మింది మా ఇంటివాడే. ఆ డబ్బుతో కొన్న ఫోనులోనే ఇప్పుడు మీతో మాట్టాడతా ఉండాను. నాకు తెలీదు. తెలుసుకోవాల్సిన బాధ్యత నాదే, నా పేజీ నేను చదువుకోలేదు. అందుకని ఈరోజు, మాట వినొచ్చనేవాళ్ళలోంచి మొదట నా పేరే కొట్టేస్తా ఉండాను. రెండోది, ఆరో పేరు..."

విజయభాస్కర్ ఫోను మీదికి చెయ్యి విసిరాడు. ఆ చేతికీ ఫోనుకీ మధ్య చెంచులక్ష్మి వచ్చి నిలబడింది. "తాకు చూద్దాం," అంది. అతను ఆగాడు.

మూడు వందల మంది చూస్తున్నారు. ఏడు వందలు. కింద కామెంట్లు వరదలా వస్తున్నాయి. సిగ్గులేదా మేడం, ఎవడా ఆరోవాడు, మేమూ పెట్టినాం, మాకూ ఇవ్వలేదు, మాది కావలి, మాది కోట. నిషాత్ చదవలేకపోతోంది. కళ్ళు మసకబారుతున్నాయి. కళ్ళు తుడుచుకుని ఆరో పేరు చెప్పేసింది, పూర్తి పేరు, ఆఫీసు అడ్రసుతో సహా.

"అయిపోయింది నీ తమ్ముడి పని," అన్నాడు విజయభాస్కర్ పళ్ళ బిగువున. సొంత ఫోను అందుకుని ఎర్ర రిబ్బను ఫొటో మీద వేలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే కామెంట్ల మధ్య తెలిసిన పేరొకటి పైకి తేలింది. పొద్దుటినుంచీ మూడుసార్లు మోగి మోగి ఆగిపోయిన పేరు.

"ఆపొద్దు ఆపా. చెయ్యకూడని పని చేసినా. ఆయన వెబ్‌సైటు చేసింది కూడా నేనే. ఆళ్ళ డబ్బు ఎవరి పేరు మీద దాచినాడో నాకు తెలుసు. పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చోనుండా. నువ్వొస్తే లోపలికి పోదాం."

చెంచులక్ష్మికి చదువు రాదు. "ఏముంది? ఏం రాసినాడు?" అని నిషాత్ భుజం పట్టి కుదిపింది.

నిషాత్ విజయభాస్కర్ మొహం చూస్తోంది. అతనూ ఆ కామెంటు చదివాడు. కుర్చీలు జరిపినప్పుడు నవ్విన ఆ మొహం ఇప్పుడు పాలిపోయింది. ఫొటో మీదున్న వేలు తీసేసి, గబగబా ఎవరికో ఫోన్ కలిపాడు.

"రేయ్, చిన్నబజారు మెట్లిల్లు తెలుసు గదా," అన్నాడు, లైవ్‌లో వినపడకుండా గొంతు తగ్గించి, నిషాత్ కళ్ళలోకి చూస్తూనే. "ఆ పిల్లోడి లాప్‌టాప్ ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడే పో. ముసల్ది ఒక్కతే ఉంటుంది."